విడిభాగమునకై నిరీక్షణ: టకాటా గాలిసంచుల చరిత్ర

తాము తయారుచేసిన కారులో ప్రాణాపాయకరమైన లోపమున్నదని కంపెనీవారే ఇంటికి ఉత్తరము వ్రాసిరి. మరమ్మతు పూర్తిగా ఉచితమని అందులో ఉన్నది. అయితే మార్చవలసిన భాగము ఇంకను సిద్ధము కాలేదనియు, సిద్ధమైన పిదప మరల తెలియజేయుదుమనియు కూడ అందులోనే ఉన్నది. ఆ రెండవ ఉత్తరము వచ్చువరకు ఆ కుటుంబమువారు ఏమి చేయవలెను? కారు వాడకుండ బ్రదుకు గడువదు, వాడుదమన్న మనసొప్పదు. 2014వ సంవత్సరము మొదలు అమెరికా, జపాను, ఆస్ట్రేలియా మున్నగు దేశములలో అసంఖ్యాకములైన కుటుంబములు ఈ సంకటమున పడినవి. మోటారు వాహనముల చరిత్రలో అతి పెద్దదైన ఈ రీకాల్ ఉదంతము జపాను దేశపు టకాటా కంపెనీ గాలిసంచులకు సంబంధించినది. దీనిని కేవలము ఒక కంపెనీ పతనముగ గాక, నిరీక్షణ చరిత్రగ మనము పరిశీలింతము.

లోపమున్న వాహనమును అమ్మినవాడే వెనుకకు పిలిచి బాగుచేయవలెనను నియమము మనమనుకొనునంత పురాతనమైనది కాదు. చాల కాలము వరకు కారు ప్రమాదమనగా నడుపువాని తప్పిదమనియే లోకులు తలచెడివారు. 1965లో రాల్ఫ్ నేడర్ అను యువ న్యాయవాది, అమెరికా కార్ల నిర్మాణములోనే అపాయము దాగియున్నదని వాదించుచు ఒక గ్రంథమును ప్రకటించెను. అది దేశమున గొప్ప కలవరమును రేపినది. మరుసటి సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మోటారు వాహనముల భద్రతా చట్టముపై సంతకము చేసెను. 1970లో రహదారి భద్రతకు ప్రత్యేకముగ ఒక జాతీయ సంస్థ ఏర్పడినది. 1974లో చట్టమును సవరించి, భద్రతకు భంగకరమైన లోపమును తయారీదారు తన ఖర్చుతోనే సరిచేయవలెనని విధించిరి. మరమ్మతునకు వచ్చిన వాహనమును 60 దినములలోపల సరిగా బాగుచేయనిచో, తగిన వ్యవధిలో చేయలేదనుటకు అదియే ప్రాథమిక సాక్ష్యమగునని కూడ ఆ చట్టమున కలదు.

ఈ 60 దినముల నియమమును మనము జ్ఞాపకముంచుకొనవలెను. శాసనము వ్రాసినవారు ఒక విషయమును సహజముగ ఊహించుకొనిరి: లోపము బయటపడిన కొలది కాలమునకే క్రొత్త భాగము దొరకుననియు, ఆలస్యమున్నచో అది తయారీదారుని అశ్రద్ధ వలననే యుండుననియు వారి భావము. కోట్లకొలది వాహనములలో ఒకే భాగము ఒకేసారి చెడినదని తేలినచో, దానిని మార్చుటకు లోకములోని కర్మాగారములన్నియు కలిసినను చాలవను స్థితి వారి ఊహకు అందలేదు.

ఇక గాలిసంచి సంగతి. ఇంజనీరు జాన్ హెట్రిక్ 1953లో అమెరికాలో దీనికి పేటెంటు పొందెను. భుజము మీదుగ, నడుము మీదుగ బిగించు మూడు కొసల సీటు బెల్టును వోల్వో కంపెనీలో నిల్స్ బోలిన్ 1959లో రూపొందించెను. ఈ రెండును కలిసి అనేక వేల ప్రాణములను నిలిపినవి. గాలిసంచి స్టీరింగు చక్రము నడుమ మడతపెట్టబడి యుండును. కారు దేనినైనను బలముగ ఢీకొన్న తక్షణము సూక్ష్మ యంత్రమొకటి ఆ తాకిడిని కనిపెట్టి విద్యుత్తును పంపును. ఇన్‌ఫ్లేటరు అనెడి లోహపు డబ్బీలోని రసాయనిక బిళ్లలు భగ్గున మండి వాయువుగ మారును. ఆ వాయువుతో సంచి నిండి నడుపువాని ముఖమునకును స్టీరింగునకును మధ్య దిండువలె నిలుచును. ఇదంతయు సెకనులో ముప్పదవ వంతు కాలములో జరుగవలెను. కనురెప్ప మూసి తెరచుటకు ఇంతకంటె ఎక్కువ కాలము పట్టును.

కావున గాలిసంచిలో నున్నది నిజమునకు నియమబద్ధమైన ఒక విస్ఫోటనము. మందు ఎంత వేగముగ మండవలెనో అంతే వేగముగ మండవలెను. నెమ్మదిగ మండినచో సంచి సకాలమున నిండదు. మితిమీరిన వేగముతో మండినచో ఆ లోహపు డబ్బీయే పగిలిపోవును.

టకాటా కంపెనీ 1933లో జపానులోని షిగా ప్రాంతమున ఒక నేత పరిశ్రమగ ఆరంభమైనది. స్థాపకుడు టకెజో టకాడా. గట్టి నేత పట్టీలను పారాచూటు త్రాళ్లకు ఉపయోగించిన ఆ నైపుణ్యమే 1960 ప్రాంతమున వారిని సీటు బెల్టుల వైపునకు నడిపినది. తరువాత గాలిసంచుల వ్యాపారమున ప్రవేశించి ప్రపంచములోని పెద్ద సంస్థలలో నొకటిగ వృద్ధినొందిరి. పూర్వము ఇన్‌ఫ్లేటర్లలో సోడియం ఎజైడు అను రసాయనమును వాడెడివారు, అది విషపూరితము. దానికి బదులు ఇతర మందులను వెదకుచు, 2000 ప్రాంతమున టకాటావారు అమోనియం నైట్రేటును ఎన్నుకొనిరి. అది చవుక, తక్కువ పరిమాణముతో ఎక్కువ వాయువునిచ్చును. మన రైతులకు ఎరువుగను, గనులలో పేలుడు సామగ్రిగను తెలిసిన పదార్థమే అది.

కాని దానికొక స్వభావమున్నది. సుమారు 32 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణోగ్రత వద్ద దాని స్ఫటికముల రూపము మారి, ఘనపరిమాణము కూడ మారును. దీనిని అరికట్టుటకు టకాటావారు స్థిరీకరణ పద్ధతినొకదానిని అవలంబించిరి. అయినను గాలిలోని తేమ చిన్న చిన్న సందుల గుండ లోపలికి చేరి, పగటి వేడికిని రాత్రి చల్లదనమునకును ఏండ్ల తరబడి లోనై, ఆ బిళ్లలు లోలోపల గుల్లబారజొచ్చినవి. గుల్లబారిన బిళ్ల ఒక్కుమ్మడిగ మండును. ఒత్తిడికి తాళలేక ఉక్కు డబ్బీ పగిలి, దాని తునకలు సంచిని చీల్చుకొని నడుపువాని కంఠమునకును ముఖమునకును తగులును. కొందరు అతి స్వల్పమైన ప్రమాదములలో, మామూలుగ నైనచో చిన్న గాయముతో బయటపడవలసినవారు, రక్షణకై ఉంచిన పరికరము మూలముననే మరణించిరి.

తొలి సూచన 2004లోనే కనబడినది. అమెరికాలోని అలబామా రాష్ట్రమున హోండా కారులో ఒక గాలిసంచి పగిలి నడుపువానిని గాయపరచినది. అది ఒంటరి సంఘటనమని సరిపెట్టుకొనిరి. 2008 నవంబరులో హోండావారు సుమారు 4,000 కార్లను మాత్రమే వెనుకకు పిలిచిరి. 2009 మే నెలలో ఓక్లహోమా రాష్ట్రమున 18 ఏండ్ల యువతి ఒకతె ఇట్టి పగులుడు వలన మరణించినది. ఆమె నడుపుచుండిన కారు తొలి జాబితాలో లేదు. ఆ తరువాతనే జాబితా విస్తరించినది. ప్రతి పర్యాయమును ఒక్కొక్క కారణము వినవచ్చెడిది: ఫలానా కర్మాగారములో ఫలానా యంత్రము బిళ్లలను సరిగా అదుమలేదనియో, మరియొక కర్మాగారమున పదార్థమునకు తేమ తగిలినదనియో చెప్పెడివారు. తయారీలో జరిగిన పొరపాటు అని అనుకొన్నంతకాలము ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు అని గీత గీయవచ్చును. మూలపదార్థమే కాలక్రమమున చెడునదైనచో గీత గీయుటకు చోటు లేదు. 2013 ఏప్రిలులో టొయోటా, హోండా, నిస్సాన్, మాజ్దా మొదలగు కంపెనీలు లోకమంతట దాదాపు 34 లక్షల వాహనములను పిలిచినప్పుడును ఈ సత్యము పూర్తిగా అంగీకృతము కాలేదు.

2014లో పరిస్థితి ముదిరినది. మలేషియాలో ఒక గర్భిణి మరణించినది. అమెరికాలో ఉక్క ఎక్కువగా నుండు ఫ్లోరిడా, గల్ఫ్ తీరము, హవాయి, పోర్టోరికో ప్రాంతముల వాహనములను ముందుగ పిలిచిరి. అక్టోబరులో ప్రభుత్వ భద్రతా సంస్థ యజమానులను వెంటనే మరమ్మతు చేయించుకొనుడని హెచ్చరించినది. జనులు టెలిఫోను చేయగ భాగములు లేవను సమాధానము వచ్చినది. భాగము దొరకనిచో ముందుసీటులోని ప్రయాణికుని గాలిసంచిని పనిచేయకుండ చేసి, ఆ సీటు వద్ద ‘ఇచ్చట కూర్చుండరాదు’ అను హెచ్చరిక అంటింపవలెనని టొయోటా కంపెనీ తన డీలర్లకు తెలిపినది. నలుగురు కూర్చుండవలసిన కారులో ఒక చోటు ఖాళీగ నుండవలెను. ఆ చోట కూర్చుండెడి వ్యక్తి ఎవరన్న ప్రశ్న ప్రతి ఇంటను పుట్టినది. హోండావారు కొందరికి తాత్కాలికముగ వేరు కార్లను సమకూర్చిరి. తక్కినవారు కారును వాడుచునే దినములు లెక్కించుకొనిరి.

ఆ సంవత్సరము నవంబరు 20వ తేదీన అమెరికా సెనేటు సభాసంఘము ఎదుట టకాటా ప్రతినిధి హాజరయ్యెను. తాము నెలకు 3 లక్షల 50 వేల మార్పిడి సామగ్రులను తయారుచేయుచున్నామనియు, జనవరి నుండి 4 లక్షల 50 వేలకు పెంచుదుమనియు ఆతడు చెప్పెను. ఆ సంఖ్య వినుటకు పెద్దదే. కాని ఆరు నెలలు గడచి 2015 మే 19వ తేదీన, అమెరికాలో దాదాపు 3 కోట్ల 38 లక్షల వాహనములందలి ఇన్‌ఫ్లేటర్లు లోపభూయిష్టములని టకాటా అంగీకరించినది. నెలకు 4 లక్షల 50 వేల చొప్పున 3 కోట్ల 38 లక్షలు తయారగుటకు 75 నెలలు కావలెను. అనగా ఆరు సంవత్సరములకు మించి. ఆటోలివ్, డైసెల్ మున్నగు ఇతర సంస్థలను కూడ రంగమునకు దింపకున్నచో పని సాగునట్లు లేదు. వారి ఇన్‌ఫ్లేటర్లు వేరు కొలతలవి. ప్రతి కారునకు సరిపడునట్లు మార్చి, పరీక్షించి, ఆపై ఉత్పత్తి చేయవలెను.

ఇప్పుడు ప్రభుత్వము ముందర ఒక ధర్మసందేహము నిలిచినది. భాగములు కొలది, అర్థులు పెక్కుమంది. ముందెవరికి ఈయవలెను? ముందుగ వచ్చినవారికా? గొంతెత్తి అడిగినవారికా? 2015 నవంబరులో భద్రతా సంస్థ టకాటాపై 7 కోట్ల డాలర్ల జరిమానా విధించి, అదనపు జరిమానాకు కూడ అవకాశముంచి, మరమ్మతుల వరుసను తానే నిర్ణయించునట్లు ఆజ్ఞ జారీచేసినది. మనదేశపు వైద్యశాలలో రోగి వచ్చిన వేళను గాక ప్రాణాపాయమును చూచి ముందుగ చికిత్స చేయుట ఎట్టిదో, ఇదియు అట్టిదే. వాహనము వయసు, అది తిరిగిన ప్రాంతపు వేడియు తేమయు, నడుపువానివైపు సంచియా ప్రయాణికునివైపు సంచియా అను మూడు విషయములను చూచి తరగతులు ఏర్పరచిరి. దేశమును మూడు మండలములుగ విభజించిరి. ఉక్క గల దక్షిణ రాష్ట్రములు మొదటి మండలము. చలి దేశములు చివరిది. ఈ విధానము న్యాయమైనదే. అయినను చివరి తరగతివారికి దాని అర్థము ఏమనగా, మీ కారులో లోపమున్నది, మీ వంతు నాలుగేండ్లకు వచ్చును అని. 2016 మేలో మరి 3½ కోట్ల నుండి 4 కోట్ల ఇన్‌ఫ్లేటర్లు జాబితాకు చేరినప్పుడు, ఆ వరుస 2019 డిసెంబరు వరకు సాగినది.

ఇంతకంటె వింతైనది మరియొకటి. వెంటనే అపాయమును తప్పించుటకు, కొన్ని కార్లలో పాత ఇన్‌ఫ్లేటరును తీసి అదే రకపు క్రొత్తదానిని పెట్టిరి. బిళ్లలు చెడుటకు ఏండ్లు పట్టును గనుక క్రొత్తది కొంతకాలము క్షేమమే. కాని అదియు ఒకనాటికి చెడునదే. కావున ఒకసారి మరమ్మతు చేయించుకొని నిట్టూర్చిన యజమానికి, మరల రమ్మని మరియొక ఉత్తరము వచ్చినది. నిరీక్షణ ముగిసినదనుకొన్న చోటనే అది మరల మొదలైనది.

ఈ మధ్యకాలములో ఏది క్షేమము? గాలిసంచిని విప్పివేసికొనుడని భద్రతా సంస్థ సామాన్యముగ సలహా ఈయలేదు. అత్యధిక సంచులు సరిగనే పనిచేయును గనుకను, అవి లేకున్నచో తలకు తగులు దెబ్బ నిశ్చయము గనుకను, ఆ వివేకము సరియైనదే. అయితే కొన్ని వాహనముల విషయమున ఈ లెక్క తారుమారైనది. 2001 నుండి 2003 వరకు తయారైన కొన్ని హోండా, ఎక్యూరా కార్లలో పగులు సంభావ్యత పరీక్షలలో నూటికి 50 వరకు ఉన్నదని తేలగ, 2016 జూను 30వ తేదీన, మరమ్మతునకు తీసికొనిపోవుటకు తప్ప వాటిని నడుపవద్దని ఆ సంస్థ ప్రకటించినది. అప్పటికి అట్టివి సుమారు 3 లక్షల 13 వేలు మరమ్మతు కాకయుండెను.

ఇచ్చట కథ ఒక మలుపు తిరుగుచున్నది. మొదట జనులు భాగమునకై వేచియుండిరి; తరువాత భాగములు జనులకై వేచియుండవలసి వచ్చెను. పాత కార్లు రెండు మూడు చేతులు మారినవి. కంపెనీ వ్రాసిన ఉత్తరము ఏనాడో విడిచిన చిరునామాకు చేరినది. దినకూలీపై బ్రదుకువారికి ఒక పూట పని మానుట కష్టము. కొందరు మొదట భాగము లేదన్నప్పుడు తిరిగివచ్చి, పిదప వచ్చిన ఉత్తరములను విప్పిచూడలేదు. హోండా కంపెనీ తన మనుష్యులను ఇంటింటికి పంపవలసి వచ్చినది. ఆస్ట్రేలియాలో 2017లో ఒక మరణము సంభవింపగ, 2018 ఫిబ్రవరి 28వ తేదీన ఆ ప్రభుత్వము దాదాపు 30 లక్షల వాహనములకు నిర్బంధ రీకాల్ విధించినది.  2020 చివరికి పని ముగియవలెనని గడువు పెట్టి, కొన్ని రాష్ట్రములలో మరమ్మతు చేయించని అపాయకరపు కార్లకు రిజిస్ట్రేషను నిరాకరించు పద్ధతిని కూడ అవలంబించిరి. స్వేచ్ఛగ చేయుడనుటకును చేయక తప్పదనుటకును ఫలితములలో ఎంత భేదమో ఆస్ట్రేలియా అనుభవము చూపినది.

టకాటా కంపెనీ 2017 జనవరిలో అమెరికా న్యాయస్థానమున నేరమంగీకరించుటకు ఒప్పుకొనినది. పరీక్షల ఫలితములను వక్రీకరించి కార్ల కంపెనీలకు ఈయబడిన నివేదికలే ఆ నేరమునకు మూలము. మొత్తము 100 కోట్ల డాలర్లు చెల్లింపవలెనని నిర్ణయమైనది: జరిమానా 2½ కోట్లు, బాధితులకు 12½ కోట్లు, కార్ల కంపెనీలకు 85 కోట్లు. అదే సంవత్సరము జూనులో కంపెనీ దివాలా తీసినది. 2018 ఏప్రిలులో దాని వ్యాపారమును చైనా సంస్థకు చెందిన కీ సేఫ్టీ సిస్టమ్స్ కొనినది. ఎనుబది ఏండ్లకు పైబడిన పేరు అంతరించినది. రోడ్లపై తిరుగుచున్న ఇన్‌ఫ్లేటర్లు మాత్రము అంతరింపలేదు. అమెరికాలో పిలిచినవి సుమారు 6 కోట్ల 70 లక్షలు. లోకమంతట దాదాపు 10 కోట్లు. 2024 నాటికి అమెరికాలో 28 మరణములు ధ్రువపడినవి. గాయపడినవారు 400 మందికి తక్కువ కాదు. ఫ్రాన్సు ప్రభుత్వము కరీబియన్ ద్వీపములలోని గ్వాడెలూప్, మార్టినిక్ మున్నగు ఉష్ణ ప్రాంతములలో మరణములను చూచినది. 2025 జూనులో ఉత్తర ఫ్రాన్సునందలి రాన్స్ నగరమున ఒక మరణము జరుగగ, సిత్రొయెన్ సి 3 కార్లను దేశమంతట నిలుపవలసినదని ఆజ్ఞ వెలువడినది. చలి దేశమునకు భయము లేదను ధీమా అటుల సడలినది.

మనదేశమున గతి యేమి? 2012లో వాహన తయారీదారుల సంఘము స్వచ్ఛంద రీకాల్ నియమావళిని ఏర్పరచుకొనినది. 2016 జూలైలో హోండావారు భారతదేశమున సుమారు 1 లక్షా 90 వేల కార్లను ఈ టకాటా సంచుల నిమిత్తమే పిలిచిరి. 2017 జనవరిలో మరి 41 వేలకు పైగా పిలిచిరి. 2019లో పార్లమెంటు మోటారు వాహనముల చట్టమును సవరించి, లోపమున్న వాహనములను పిలువవలసినదని తయారీదారును ఆజ్ఞాపించు అధికారము కేంద్ర ప్రభుత్వమునకు ఇచ్చినది. దానికి సంబంధించిన నియమములు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. అమెరికాలో 1966లో పడిన బాటకు మనము ఐదు దశాబ్దముల తరువాత చేరినాము. విశాఖ నుండి నెల్లూరు వరకు సముద్రతీరమున వేసవిలో ఉక్కపోతను ఎరుగనివారు మనలో లేరు. అమోనియం నైట్రేటునకు ప్రతికూలమైన వాతావరణము అట్టిదే. టెక్సాసు రాష్ట్రమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములు కూడ మొదటి మండలమునకు చెందినవే.

ఈ చరిత్ర నుండి మనము గ్రహింపవలసినది మూడు విధములు. ఒకటి: ఒక్క ధరయే కొలమానముగ ఒకే సంస్థ నుండి ఒకే భాగమును అందరును కొనినప్పుడు, ఆ భాగము చెడినచో మార్చుకొనుటకు వేరు దిక్కు మిగులదు. ఆదా చేసిన డాలరు నిరీక్షణ రూపమున ఎన్నో రెట్లు తిరిగి వసూలగును. రెండు: లోపమును చిన్నదిగ చెప్పుకొనుట వలన కాలము కలిసిరాదు, 2008లో 4,000 అని గీసిన గీత 2016 నాటికి కోట్లను దాటినది. ఆ ఎనిమిదేండ్లు సత్యముగ వినియోగపడియున్నచో, వేరు కర్మాగారములు సిద్ధమై యుండెడివి. మూడు: భాగము లేకున్నను, లోపము తెలిసిన క్షణము నుండి అపాయభారము ఎవరిదను ప్రశ్నకు చట్టము స్పష్టముగ జవాబు చెప్పవలెను. అద్దెకు వేరు కారు ఈయవలసినది ఎవరు, ఎన్ని దినములు, అను విషయము కంపెనీ దయాదాక్షిణ్యములకు విడువదగినది కాదు.

గృహస్థులుగ మనము చేయదగినది కొంత కలదు. ప్రతి కారునకును 17 అక్షరముల గుర్తు సంఖ్య యొకటి యుండును. దానిని కంపెనీవారికి తెలిపి, తమ కారుపై మిగిలియున్న రీకాల్ ఏదైన ఉన్నదా యని ఏడాదికొక పర్యాయమైనను విచారించుట మంచిది. పాత కారు కొనునప్పుడు యజమాని మారిన సంగతిని రిజిస్ట్రేషను కార్యాలయమునకే గాక కంపెనీకి కూడ తెలుపవలెను. లేనిచో హెచ్చరిక పూర్వపు యజమాని తలుపు తట్టును. భాగము లేదని ఒకసారి చెప్పినను, ఆ సమాధానమును వ్రాతమూలకముగ కోరి, తేదీతో భద్రపరచుకొని, మరల మరల అడుగుట మన హక్కు. గాలిసంచి ఒక్కసారి మాత్రమే, సెకనులో ముప్పదవ వంతు సేపు మాత్రమే పనిచేయవలసిన వస్తువు. ఆ స్వల్ప క్షణము సవ్యముగ గడచుటకు ఎన్ని సంవత్సరముల శ్రద్ధ అవసరమో, ఈ చరిత్ర మనకు తెలుపుచున్నది.